డబ్బా చెప్పిన కిరాయి

జహీరాబాదులో మేం అద్దెకుండే వాటా కింద మా ఇంటావిడ కిరాణా దుకాణం ఉంది. మా మెట్లు దిగేది సరిగ్గా ఆ దుకాణం ముందుకే. పాల ప్యాకెట్టుకు దిగినా, చెత్త పడెయ్యడానికి దిగినా ఆవిడ కంట పడకుండా వీధిలోకి పోలేం. కొన్నాళ్ళపాటు ఆ మెట్లు దిగడానికి నాకు ముఖం చెల్లలేదు.

మాది కృష్ణా జిల్లా. మా ఆయన ఇక్కడ ఫ్యాక్టరీలో ఇంజినీరు. లెక్క అంటే లెక్కే అన్నది నా గొప్ప. కూరలవాడు తూకం వేస్తుంటే ముల్లు మీదే నా కళ్ళు. చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంటే గానీ పర్సు మూయను. ఇంటావిడది మరో తీరు. కోహీరు పక్కన వాళ్ళకు పొలం ఉంది. అల్లం తవ్వినప్పుడు అల్లం, జామకాయల రోజుల్లో జామకాయలు, ఎన్ని ఉన్నాయో కూడా చూడకుండా సంచీతో పైకి పంపేది. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆవిడ చెల్లె అంటుంది.

దుకాణం వెనక గదిలో ఆవిడకో కుట్టుమిషను ఉంది. బేరాలు పల్చబడిన మధ్యాహ్నాలు జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్సు వేస్తుంది. తమ్ముడు దుబాయి నుంచి తెచ్చిచ్చిన మిషను అది. దాని దారం కండె పెట్టే బాబిన్ కేసు విరిగింది. హైదరాబాదులో అన్ని దుకాణాలూ తిరిగినా ఆ రకం దొరకలేదు. ఒకరోజు నన్ను పిలిచి విరిగిన ముక్క అరచేతిలో పెట్టి చూపించింది.

"నాకైతే ఇవేం తెల్వయ్ చెల్లె. నీ ఫోన్ల జర సూడు, యాడన్న దొరుకుతదేమో."

వెతికితే ఒక విదేశీ సైటులో దొరికింది. ధర డాలర్లలో ఉంది. ఫోనులోనే రూపాయల్లోకి మార్చి, నాకిదంతా కొట్టిన పిండి అన్నట్టు ముఖం పెట్టి, పోస్టు ఖర్చుతో సహా మూడు వేల రెండు వందలు అన్నాను.

"గంతేనా? పైన ఇంకేమన్న పడ్తదా? ఉంటే ముందుగల్లనే చెప్పు."

"ఏమీ పడదక్కా. అక్కడ ఎంత చూపిస్తే అంతే."

నిజానికి డాలర్లలో కొనడం నాకదే మొదటిసారి. బ్యాంకు యాప్‌లో విదేశీ చెల్లింపులకు వేరే మీట నొక్కాలని కూడా అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. ఆవిడ గల్లాపెట్టెలోంచి డబ్బు తీసి నా చేతిలో పెట్టింది.

సామాను వచ్చింది, సరిగ్గా సరిపోయింది, మిషను మళ్ళీ తిరిగింది. ఆ సంబరంలో నాకో డబ్బాడు సకినాలు వచ్చాయి. నేనూ ఆ మెప్పునంతా ఒళ్ళో వేసుకున్నాను.

తర్వాత కార్డు బిల్లు వచ్చింది. ఆ కొనుగోలు కింద ఏవో రెండు అదనపు పద్దులున్నాయి. బ్యాంకు వాళ్ళకు ఫోన్ చేశాను. విదేశీ డబ్బులో కొంటే బ్యాంకు నూటికింతని తీసుకుంటుందనీ, దాని మీద మళ్ళీ పన్ను ఉంటుందనీ, డాలరు రేటు కూడా నా ఫోను చూపించింది కాదు, కార్డు వాళ్ళదనీ ఒకమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఇవన్నీ నిబంధనల్లో ఉన్నాయట.

"ఆ నిబంధనలు మీరైనా ఎప్పుడైనా చదివారా?" అని ఆ పిల్ల మీద ఎగిరిపడ్డాను. పాపం, ఆ పిల్ల ఇంకేమైనా సహాయం కావాలా మేడం అంది.

అన్నీ కలిపితే నూట డెబ్బై రూపాయలు. వదిలేస్తే పోయేది. కానీ ఆ ఖర్చు నాది కాదు, నేనెందుకు పెట్టుకోవాలి అని లోపల ఒకటే పోరు. పోనీ వెళ్ళి అడుగుదామా అంటే నోరు పెగల్లేదు. అడగాలంటే ముందు, నాకు తెలియకపోయినా ఏమీ పడదని చెప్పేశానక్కా అని ఒప్పుకోవాలి. అంత దర్జాగా చెప్పి ఇప్పుడు ఏ ముఖంతో ఒప్పుకోను? అందుకని నాకు చాలా మర్యాదగా తోచిన పని ఒకటి చేశాను. ఆ నెల కిరాయిలో నూట డెబ్బై తగ్గించి వేద్దామనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఫోను తెరిచి చూసుకోదు. వేశానక్కా అంటే మంచిది చెల్లె అంటుంది, అంతే.

కిరాయి ఎప్పుడూ దుకాణంలో ఉన్న క్యూఆర్ గళ్ళ బొమ్మ స్కాన్ చేసే వేస్తాను. డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చెప్పే చిన్న స్పీకరు డబ్బా బల్ల మీద ఉంటుంది. అది ఛార్జింగు లేక చాలా రోజులుగా మూగగా పడి ఉంది. ఆ పొద్దున ఆవిడ దానికి ఛార్జింగు పెట్టిందని నాకు తెలియదు.

దుకాణంలో నలుగురైదుగురు ఉన్నారు. ఎదురింటి పెద్దాయన బెల్లం తూయించుకుంటున్నాడు. చిరాగ్‌పల్లి నుంచి వచ్చినామె సబ్బులు ఏరుకుంటోంది. నేను మీట నొక్కి, "వేశానక్కా" అన్నాను. డబ్బా గొంతెత్తి అరిచింది.

"ఆరు వేల మూడు వందల ముప్పై రూపాయలు అందాయి."

మా కిరాయి ఆరు వేల ఐదు వందలని వీధి వీధంతటికీ తెలుసు. మూగబోక ముందు నెలనెలా ఆ డబ్బా చాటింపు వేసేది కదా. ఎదురింటి పెద్దాయన నవ్వుతూ అననే అన్నాడు.

"ఏందమ్మా, పైనోళ్లు కిరాయిల నూట డెబ్బై మింగినట్టున్నరు?"

ఇంటావిడ బెల్లం తూస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నావైపు చూడలేదు.

"మింగుడేంది? నేనే తగ్గించి వెయ్యమన్న. బాత్రూంల నల్లా ఖరాబైతే ఆళ్లే బాగు చేపిచ్చుకున్రు."

మా నల్లా లక్షణంగా ఉంది. దానికేమీ కాలేదు. అప్పటికప్పుడు నా పరువు కోసం ఆవిడ నలుగురిలో అబద్ధమాడింది. అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. విప్పాను కూడా. "అవునండీ, నల్లా కారిపోతుంటేనూ" అన్నాను. డబ్బు తగ్గించినందుకు కాదు, ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆ తర్వాత దుకాణం తలుపులు వేసి ఉన్న వేళ చూసుకుని మెట్లు దిగేదాన్ని. పాలు, ఉప్పు కూడా బస్టాండు వైపు వెళ్ళి తెచ్చుకున్నాను. ఏమైంది, కింద గొడవ పడ్డావా అని మా ఆయన అడిగితే ఆయన మీదే కసిరాను. కింద మిషను చప్పుడు వినిపిస్తే చాలు, అన్నం సహించేది కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, ఎలాగైనా సరిచేసేద్దామని, పైనుంచే ఫోనులో నూట డెబ్బై పంపేశాను. పంపాక డబ్బా గుర్తొచ్చింది. కింద నుంచి డబ్బా గొంతు నిక్షేపంగా పైదాకా వినిపించింది. "నూట డెబ్బై రూపాయలు అందాయి." ఆ వెంటనే మెట్ల దగ్గర ఆవిడ గొంతు.

"చెల్లె! జర కిందికి రా."

దిగాను. అదృష్టం, బేరగాళ్ళెవరూ లేరు. ఆవిడ మిషను ముందు కూర్చుని ఉంది. మిషను మీద ఉన్నది నా చీరే. ఎప్పుడో ఫాల్సు వెయ్యమని ఇచ్చి, సిగ్గుతో తీసుకోవడానికి కూడా రాలేదు.

"నోరు లేదా నీకు? ఎన్నిసార్లు ఆ డబ్బాతోని చెప్పిస్తవ్?" అంది. కోపంగా అనలేదు, అదే నాకు కష్టమైంది. "ఏం పైసలివి?"

చెప్పాను. బ్యాంకు కోత, దాని మీద పన్ను, డాలరు రేటు, అన్నీ.

"నా సామానుకు పడ్డయి నేనే కట్టాలె గద. అడిగితే ఇయ్యకపోదునా?"

"ఇస్తారని తెలుసక్కా. పైన ఏమీ పడదని మీకు ఖాయంగా చెప్పాను కదా. నిజానికి నాకు తెలీదు. తెలీదని చెప్పుకోడానికి సిగ్గేసింది."

ఆవిడ మిషను మీంచి చెయ్యి తీసి మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"నాకు తెల్వకనే గద నీ తానకి వచ్చిన. తెల్వదని నీకు చెప్పిన. నేనేమన్న సిగ్గువడ్డనా?"

ఆవిడ లేచి గల్లాపెట్టెలోంచి నూట డెబ్బై తీసి, మడత పెట్టిన చీర మీద పెట్టి ఇచ్చింది. వద్దనడానికి నోరు తెరిచాను. వద్దంటే మళ్ళీ దర్జా ఒలకబోయడమే. రెండు చేతులా అందుకుని, లెక్కపెట్టుకోకుండా పైకి వచ్చేశాను.