గెయినంటే లాభం కాదు

ఆంప్లిఫయర్ మీద గెయిన్ అని ఒక చిన్న నాబ్ ఉంటుంది. మొట్టమొదట అది నా చేతికి చిక్కిన రోజే చివరికంటా తిప్పేశాను. బళ్ళో గెయిన్ అంటే లాభమని నేర్చుకున్నదాన్ని మరి. లాభాన్ని సగంలో ఆపే పిచ్చివాళ్ళెవరు? కాసేపటికే దిమ్ముదిమ్మని బాస్ మోగించే సబ్‌వూఫర్ కాలిపోయి అంగడంతా కమురు వాసన. విరుదునగర్‌లో మా మేనమామ నడిపే కారు ఆడియో అంగడి అది. వచ్చినవాళ్ళ ముందు తమిళం తప్ప మాట్లాడని మనిషి, ఆ రోజు ఇంటి తెలుగులో నన్ను వాయించేశాడు.

"గెయినంటే లాభం కాదు పాపా! రేడియో పంపేదాన్ని ఆంపు ఎంత తీసుకోవాల్నో, అంతే. సత్తం వేరే, అదురు వేరే. సత్తం చెవులు పగలగొడతాది. అదురు రొమ్ములో కూచుంటాది. మనం ఇచ్చేది అదురు."

ఆ మాట పట్టుకునే బాగుపడ్డాను. ఇప్పుడు కోవిల్‌పట్టిలో నాకు సొంత అంగడి ఉంది. ఆడపిల్ల స్క్రూడ్రైవరు పట్టడమేంటని నవ్వినవాళ్ళే కయత్తారు నుంచి బండ్లు తోలుకొచ్చి నా కోసం కాచుకుంటున్నారు. కాచుకోనీ, నాకేం!

మొన్న పొద్దున మామ ఫోన్ చేశాడు. "ఒకతూరి వచ్చి పో పాపా. ఒక బండి నా మాట వినలే." మామ నన్ను సాయం అడగడం అదే మొదలు. చేతిలో పని వదిలేసి బస్సెక్కాను.

బండి ఒక పప్పుల వ్యాపారిది. మూడోసారి తిరిగొచ్చింది. బాస్ చాలదు, పైగా ఆంపు వేడెక్కి ఆగిపోతోంది. "ఈ రోజు కుదరకపోతే అంతా పీకేయండి, మదురై పోతాను. మీ పని ఎట్లాంటిదో ఊరందరికీ చెబుతాను" అని అతను తమిళంలో మామ మొహం మీదే అనేశాడు. ముప్పై ఏళ్ళు మంచి పేరుతో బతికిన మనిషి తల దించుకుని నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

డిక్కీ తెరిచి చూద్దును కదా, గెయిన్ చివరికంటా ఉంది! బాస్ బూస్ట్ కూడా అంతే. పాట పెడితే వూఫర్ పాత గుడ్డ చించినట్టు బరబరమంటోంది.

"సత్తం బాగానే ఉండాది కదా?" అన్నాడు మామ.

నా చెయ్యి ఆగిపోయింది. ఆ బరబర ఆయనకు వినబడటం లేదు.

బూస్ట్ సున్నాకి తెచ్చాను. గెయిన్ పూర్తిగా దించాను. రేడియో వాల్యూమ్ ముప్పాతిక దాకా పెట్టి, అప్పుడు గెయిన్ మెల్లగా ఎత్తుతూ, పాట పగిలినట్టు వినబడే చోట కొంచెం వెనక్కి తీశాను. సగం కూడా దాటలేదు. శుభ్రంగా ఉంది కానీ ముందు సీట్లో బాస్ పలచన. తలుపు స్పీకర్లు ముందుకు తోస్తుంటే వూఫర్ వెనక్కి లాగుతోందన్నమాట. ఆ లోటు పూడ్చాలనే మామ గెయిన్ పెంచుకుంటూ పోయాడు, పాపం.

"మామా, ముందు సీట్లో కూచో. రొమ్ము మీద చెయ్యి పెట్టుకో" అని, ఆంపు పక్కనున్న, వూఫర్ తోసే దిక్కు తిప్పే ఫేజ్ స్విచ్ మార్చాను.

"అదురు!" అని అరిచాడు మామ. "వచ్చింది పాపా, అదురు!"

వ్యాపారి ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చి, నవ్వుతూ దిగి, ఏం చేశారని మామని అడిగాడు. అంతా మామ పనేనని నేను తమిళంలో గబగబా అనేశాను.

"అబద్ధం," అన్నాడు మామ. గిరాకీ ముందు ఆయన నోట తెలుగు రావడం నేనెన్నడూ వినలేదు. "నా చెవులు తగ్గినాయి. గెయినంటే లాభం కాదని ఈ పిల్లకి నేనే నేర్పిస్తిని. ఈ పొద్దు అదే పాఠం నాకు చెప్పింది. నా కంటే పెద్ద మాస్టరు ఇది."

వ్యాపారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమంటున్నారని నన్ను అడిగాడు. చెవుల సంగతి దాచేద్దామా అనుకుంటుండగానే మామ నా భుజం తట్టాడు.

"చెప్పు పాపా. ఈ మాట మట్టుకు తగ్గించొద్దు."

ఉన్నదున్నట్టే చెప్పాను.