బంధువుల ఆరోపణ

ఒక మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. "లేదు" అనే మాట. ఒకామె అడిగింది, నేను లేదన్నాను. ఉంది. ఉందని నాకు తెలుసు. ఆ తర్వాత ఒక మనిషి మనిషి కాకుండా పోయాడు. ఆ నింద మోసింది అడిగినామె. నేను కాదు.

పత్రికలో పనిచేసినవాణ్ణి. ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలని నేర్పారు, అందుకే చెప్పేశాను. ఇక మిగతాది. మిగతాది చెప్పడమే కష్టం. ఎందుకంటే ఇందులో నేను బతిమాలితేనో బెదిరిస్తేనో అబద్ధమాడినవాణ్ణి కాదు. నిలబడి, చాయ్ తాగుతూ, మామూలు గొంతుతో ఆడాను. ఇప్పటికీ నన్ను నివ్వెరపరిచేది అదే. అంత తేలిగ్గా ఎట్లా వచ్చింది?

తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజులు. నేను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల వార్తలు రాసేవాణ్ణి. ఎటు చూసినా టెంట్లే. వకీళ్లదొక టెంటు, టీచర్లదొకటి, ఆర్టీసీవాళ్లదొకటి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర పోచంపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన నేతవాళ్లు ఒక టెంటు వేశారు. మిగతావాళ్ల టెంట్లలో జెండాలు, మైకులు. వీళ్ల టెంట్లో మగ్గం. అన్నం మానేసి మగ్గం మీద కూర్చుని నేస్తూ ఉండడం వాళ్ల దీక్ష. ఆ మగ్గం మీద కూర్చున్నది మా బావ, మా అక్క భర్త. అప్పటికి ఎన్నో ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా ఉన్నాడు. నేత వదిలేసి చాలాకాలమైంది. కానీ పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతికి తగలగానే ఒళ్లు పాతరోజులు గుర్తుపట్టింది. చూడడానికి జనం ఆగేవాళ్లు. సిటీ బస్సుల కిటికీల్లోంచి చేతులూపేవాళ్లు.

నేనూ నేత ఇంట్లోనే పుట్టాను. మగ్గం ఎక్కలేదు గానీ, బట్ట చూసి చెయ్యి ఎట్లా ఉందో చెప్పగలను. ఇది గుర్తుంచుకోండి.

టెంట్లో కూర్చున్నవాళ్ల బీపీ, నాడి చూడడానికి రోజూ ఒకామె వచ్చేది. పేరు రాయను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్ స్కూల్లో పాఠం చెప్పేది, పిల్లలు మేడం అనేవాళ్లు, మేమూ అదే అన్నాం. ఆమెది కోస్తా వైపు. ఆమె విద్యార్థిని ఒకమ్మాయి నేతవాళ్ల పిల్ల, ఆ పిల్ల అడిగితే వచ్చింది. ఎవరూ పంపలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. టెంట్లో వేళాకోళాలు సాగేవి.

"మేడం, మీ ఆంధ్రోళ్లు చేయి పడితే మాకు బీపీ లేస్తది."

"లేవనివ్వండి, కొలిచేది నేనే కదా. ఎంత లేచిందో నేనే చెప్తా."

నవ్వేవాళ్లు. ఆమె నవ్వకుండా పట్టీ బిగించేది.

అంతకుముందే ఆమె నాకు తెలుసు. నర్సింగ్ చదువులకు గిరాకీ పెరిగిందని ఒక కథనం రాయడానికి వాళ్ల క్లాసుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. మొదటి సంవత్సరం పిల్లలు. ఆరోగ్యమంటే ఏమిటన్నది ఆ రోజు పాఠం. జబ్బు లేకపోవడం అని అందరూ ఒకే గొంతుతో అన్నారు. ఆమె సుద్దముక్కతో బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఈ చివర చావు, ఆ చివర నిండు ఆరోగ్యం, మనమంతా ఈ గీత మీద ఎక్కడో ఒకచోట ఉంటాం, ఒకచోట ఆగం, అటూ ఇటూ కదుల్తూనే ఉంటాం అని చెప్పింది. "మా హాస్టల్ వార్డెన్ ఎక్కడుంటది మేడం?" అని ఎవరో అమ్మాయి అడిగితే, "ఆవిడ గీత మీద లేదమ్మా, మిమ్మల్ని గీత దాటించే డ్యూటీలో ఉంది" అంది. క్లాసంతా ఒకటే నవ్వు. నవ్వు తగ్గాక చెప్పింది, మనిషి గీత మీద ఎక్కడున్నాడని మాత్రమే చూడొద్దు, ఏ వైపు నడుస్తున్నాడో చూడండి అని. బీపీ బాగానే ఉండొచ్చు, నడక మాత్రం చావు వైపు ఉండొచ్చు. ఇంకొకటి కూడా చెప్పింది. ఆరోగ్యానికి ఎవరి లెక్క వారిదట. కొందరికి నొప్పి లేకపోతే ఆరోగ్యం. కొందరికి పని చేసుకోగలిగితే ఆరోగ్యం. కొందరికైతే నలుగురికీ తెలియనంతవరకు అది జబ్బే కాదు. నర్సు ముందు ఆ లెక్క ఏదో కనుక్కోవాలి, లేకపోతే మనిషి చెప్పే జవాబు అర్థం కాదు.

నాకు నచ్చింది. కథనంలో రాశాను. నచ్చి, రాసి, అచ్చులో చూసుకుని మురిసినవాణ్ణే నేను.

మా బావ లెక్క ఆ చివరిది. ఆయనకు షుగర్. ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. పెళ్లిళ్లలో స్వీటు తీసుకుని చేతిరుమాల్లో చుట్టి అక్కకిచ్చేవాడు గానీ వద్దనేవాడు కాదు. దీక్షకు కూర్చునే ముందు నన్ను పక్కకు పిలిచాడు.

"షుగర్ అని తెలిస్తే మనోళ్లు లేపుతరు బామ్మర్ది. జర నోరు మూసుకో. పెద్ద లీడర్లొస్తున్నరు. మగ్గం మీద నేను కనిపించాలె."

నోరు మూసుకున్నాను.

మొదట్లో బాగానే ఉన్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి నేస్తూనే ఉన్నాడు, కానీ బట్ట చూసి ఆగిపోయాను. మా పోచంపల్లి నేతలో నూలుకు ముందే ముడులు కట్టి రంగు వేస్తారు. నేసేటప్పుడు ఒక్కో పోగునూ జరిపి, రంగు మీద రంగు కూర్చోబెట్టాలి. అప్పుడే పువ్వు పువ్వవుతుంది. బావ పువ్వు విరిగింది. అంచులు చెదిరి, ఒక రేకు ఒకవైపు, ఇంకొకటి ఇంకొకవైపు జారిపోయి ఉన్నాయి. బావ అట్లా నేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన దాన్ని చూసుకోవడం కూడా లేదు.

నాకు అప్పుడే తెలిసింది. ఎవరికన్నా ముందు నాకే తెలిసింది.

టెంటు వెనక చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. మేడం అక్కడికే వచ్చింది.

"రిపోర్టరు గారూ, మీ బావగారికి షుగరుందా?"

"లేదు మేడం."

"తెలిసే చెప్తున్నారా? రక్తం చూద్దామంటే ఆయన వేలు పొడవనివ్వట్లేదు. వద్దంటే వద్దంటున్నారు. ఆ చెమట చూశారా? ఆ చేతులు చూశారా? నిన్నటి మనిషిలా లేరండీ."

"నేతోళ్లం మేడం. తిండి లేకుంట నేస్తే చెమట రాదా? మా ఇంట్ల ఎవ్వరికీ లేదు."

"ఇంటి సంగతి కాదండీ. ఆయన సంగతి."

"లేదంటున్న గద. ఉంటే నాకు తెల్వదా?"

ఆమె నా వంక ఒక క్షణం చూసింది. "సరేనండీ. మీరు చెప్పారు కాబట్టి" అని వెళ్లిపోయింది.

షుగర్ గోలీల పట్టీ అప్పుడు నా చొక్కా జేబులో ఉంది.

పొద్దున్నే అక్క ఇచ్చింది. "బావ తెచ్చుకున్న గోలీలు అయిపోయినయంట, ఎవ్వరూ చూడకుండ ఇయ్యి తమ్మీ" అని. ఒక్కపూట కూడా మానొద్దని ఎప్పుడో డాక్టరు చెప్పాడు. తిండి మానేసినప్పుడు ఏం చేయాలని ఎవరూ అడగలేదు. తిండి లేని ఒంట్లో ఆ గోలీ ఏం చేస్తుందో నాకూ తెలియదు, అక్కకూ తెలియదు. మేడంకు తెలుసు. ఆమె నా ఎదురుగా నిలబడి ఉంది. జేబులోంచి తీసి చూపిస్తే చాలు. నేను చాయ్ తాగి, టెంట్లోకి వెళ్లి, బావ చేతిలో పెట్టాను. నీళ్లతో మింగాడు.

ఎందుకు?

బావ మాట కోసం అని చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం కాదు. కానీ అది మొత్తం నిజం కూడా కాదు. ఆ రోజు పొద్దున ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, మగ్గం దీక్ష ఫొటో జిల్లా పేజీల్లో ముందు వేస్తున్నాం, రోజూ పంపు అని. దీక్ష ఆగిపోతే నా వార్త ఆగిపోతుంది. అది రెండోది. మూడోది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఆమె అడిగినప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ఈమె ఆంధ్రామె కదా, మా టెంటు ఎత్తేయించాలని చూస్తోందా అని. నేను కిరాయికి ఉన్న ఇంటి యజమాని ఆంధ్రాయన. రోజూ పొద్దున ఇడ్లీ తినేది ఆంధ్రాయన బండి దగ్గర. వాళ్లెవరి మీదా రాని అనుమానం, మా బావ చేతులు వణుకుతున్నాయని కనిపెట్టిన ఒక్క మనిషి మీద వచ్చింది. ఎక్కడిదది? ఎప్పట్నుంచి నాలో కూర్చుని ఉంది?

మర్నాడు బావ మగ్గం మీదికి ఒరిగిపోయాడు. నేను మలక్‌పేటలో వేరే వార్త కోసం వెళ్లాను. నీరసం అనుకున్నారు. మొహాన నీళ్లు కొట్టారు, కండువాలతో విసిరారు. ఎవరో చక్కెర నీళ్లు తాగిద్దామంటే దీక్ష భగ్నమవుతుందని ఇంకెవరో ఆపారు. దవాఖానకు చేర్చేసరికి ఆలస్యమైంది. షుగర్ బాగా పడిపోయి మెదడుకు దెబ్బ తగిలిందని డాక్టర్లు చెప్పారు.

మేడం పరుగెత్తుకుంటూ వచ్చింది. వరండాలో అక్క ఆమె మీద పడింది. "షుగర్ మనిషిని పట్టుకొని రోజూ బీపీ చూస్తివి! షుగరుందా అని ఒక్క మాట అడిగితే ఏం పోయేదమ్మా నీకు?"

మేడం నోరు తెరిచింది. నా వైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను. ఎవరూ ఫోన్ చేయలేదు. ఊరికే చూశాను.

"క్షమించండమ్మా" అంది అక్కతో. వెళ్లిపోయింది.

నేను అక్కడితో ఆగలేదు. సాయంత్రం వార్త పంపాను. శిబిరంలో కనీస వైద్యపరీక్షలు జరగలేదని బంధువులు ఆరోపిస్తున్నారు, అని రాశాను. ఆ బంధువును నేనే. వార్తలో ఆంధ్ర అన్న మాట నేను రాయలేదు. రాయనక్కర్లేకపోయింది. కొందరు కుర్రాళ్లు నర్సింగ్ స్కూలు ముందు కూర్చుని ఆ మాటే అరిచారు. ఆమెను తీసేశారో, తనే మానేసిందో నాకు తెలియదు. కనుక్కోలేదు. కనుక్కోవడమే నా ఉద్యోగం.

బావ బతికాడు. అదొక బతుకు. నాడె చేతిలో పెడితే అదేమిటన్నట్టు తిప్పి చూసేవాడు. అక్కను ఒక్కోసారి తన తల్లి పేరుతో పిలిచేవాడు. తెలంగాణ వచ్చిన రోజు వీధంతా పటాకులు కాలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను, వచ్చింది బావా అని. "మరి మనం ఎప్పుడు కూసుందాం?" అన్నాడు. లేచి బయటికొచ్చేశాను. బయట అందరూ ఏడుస్తున్నారు, సంతోషంతో. నా ఏడుపు కూడా అందులో కలిసిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. అక్క ఇప్పటికీ అంటుంది, "గా నర్సమ్మ ఒక్క మాట అడగకపాయె" అని. అన్నం పెడుతూ అంటుంది. నేను తింటాను.

మేడం ఆ రోజు ఎందుకు చెప్పలేదు? ఇదే నన్ను తినేసిన ప్రశ్న. ఇతన్నే అడిగానమ్మా అంటే అయిపోయేది. నన్ను అసహ్యించుకుని ఊరుకుందనుకున్నాను. లేకపోతే మా అక్కాతమ్ముళ్లను విడదీయడం ఇష్టంలేక ఊరుకుందనుకున్నాను. ఏదైనా సరే, ఆమెకు నా సంగతి తెలుసు, తెలిసీ వదిలేసింది అనుకున్నాను. దోషం తెలిసిన మనిషి ఒకరు ఎక్కడో ఉన్నారన్నది కూడా ఒక రకం ఊరటేనని ఈ మధ్యనే అర్థమైంది, అది పోయాక.

ఈమధ్య సైదాబాద్‌లో కూరగాయలు కొంటూ కళ్లు తిరిగి కూలబడ్డాను. అక్కే ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆమె మందుల కోసం కిందికి వెళ్లినప్పుడు ఒక చిన్న నర్సు వచ్చి షుగరుందా అంకుల్ అని అడిగింది. లేదన్నాను. ఈసారి నిజమే చెప్పాను, నాకు తెలిసినంతవరకు. ఆ పిల్ల తలూపి, అయినా సూది తీసి నా వేలు పట్టుకుంది.

"లేదన్న గద బిడ్డా."

"అందరూ లేదనే అంటరు అంకుల్. మాకు పాఠం చెప్పిన మేడం ఫస్ట్ క్లాసులనే చెప్పింది, అడగాలె, విని ఊకోవద్దు అని." వేలు ఒత్తుతూ మాట్లాడుతూనే ఉంది. "ఆమె ఎప్పుడో ఒక టెంట్ల మగ్గం నేసేటాయనకు బీపీ చూసిందంట. షుగరుందా అని వాళ్ల బంధువు నడిగితే లేదన్నడంట. నమ్మి వదిలేసిందంట. గాయన ఆగమైపోయిండు. తప్పు నాదే, వేలు పొడవకుండ వదిలిన అని ఇప్పటికీ చెప్తది."

వేలి మీది రక్తపు చుక్కనే చూస్తూ అడిగాను. "మరి ఆ బంధువు?"

"ఆయనదేం తప్పు అంకుల్? పాపం ఆయనకు తెల్వదంట. వాళ్లు ఆయనక్కూడ చెప్పలేదంట. ఆయన మొఖం చూస్తేనే తెలిసింది, ఇంక నేనేం మాట్లాడుత అని మేడం అంటది."

పాపం ఆయనకు తెల్వదంట.

వరండాలో ఫోన్ వైపు చూసిన నా మొహాన్ని ఆమె అట్లా చదువుకుంది. జబ్బు దాచిన బావ ఇంట్లో బామ్మర్దికి కూడా చెప్పలేదనుకుంది. ఆమె వదిలేసింది నన్ను కాదు. ఏమీ తెలియని ఎవరో అమాయకుణ్ణి. ఇన్నేళ్లుగా ప్రతి ఏడూ కొత్త పిల్లల ముందు నిలబడి, ఆ లేని మనిషి కోసం తప్పు తన మీద వేసుకుంటోంది.

మేడం నన్ను అడిగిందని అక్కకు తెలియదు. గోలీలు నా దగ్గరున్నాయని మేడంకు తెలియదు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

అక్క మందులతో తిరిగొచ్చింది. "ఏమంటుంది తమ్మీ ఆ పోరి?" అంది.

"ఏం లేదక్కా" అన్నాను.

మళ్లీ అదే గొంతు. ఏమాత్రం తడబడలేదు. మంచం మీద పడుకుని నా గొంతు విని నేనే హడలిపోయాను.

మేడం ఎక్కడ పాఠం చెబుతోందో ఆ పిల్లను అడిగి తెలుసుకున్నాను. దూరమేమీ కాదు. ఇంకా వెళ్లలేదు. వెళ్తానని ఇక్కడ రాసి మంచివాణ్ణనిపించుకోను. ఇదొక్కటే చేశాను, కూర్చుని ఇది రాశాను. నా పేరు వేయడం లేదు. అయినా అక్క పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ దాకా చదివే మనిషి. మగ్గం దగ్గరికి రాగానే గుర్తుపడుతుంది. గోలీల దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసేస్తుంది. తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు.

ఆ రోజు వార్తను బంధువుల మీద పెట్టి రాశాను. ఈసారి నేనే చెబుతున్నాను. ఆమె అడిగింది. గోలీలు నా జేబులో ఉన్నాయి. లేదన్నాను.