ఆ స్లాబుకు నీళ్ళు పోసింది మా వదినే

బావ పంపిన క్యూబు ఆ స్లాబుది కాదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ చెప్పలేదు.

ఒట్టన్‌చత్రంలో మా అన్న కూరగాయల గోదాము కట్టించాడు. కాంట్రాక్టు మా మేనమామ కొడుక్కి, అంటే నా బావకు ఇచ్చాడు. నేను గాంధీపురంలో ఒక ల్యాబులో కాంక్రీటు పరీక్షలు చేస్తాను. స్లాబు వేసే కాంక్రీటులోంచే కొంత తీసి క్యూబులు పోసి మాకు పంపాలి. మేము వాటిని మిషన్లో పెట్టి పగిలేదాకా బరువు పెంచుతాం. బావ పంపిన క్యూబు ఒక పట్టాన పగల్లేదు. పగిలాక చూస్తే లోపలంతా శుభ్రమైన ఏటి ఇసుక. గోదాముకు వాడిందేమో క్వారీ ఇసుక, సగం దుమ్ము. పిడికిట పడితే బూడిదలా అంటుకునేది. గోదాము దగ్గర నేనే పట్టి చూశాను.

ల్యాబు కోసం క్యూబులు వేరుగా కలిపి పోయడం మా వైపు మామూలే. దాన్ని మోసమని ఎవరూ అనరు. బావ పంపే పనుల మీదే మా ల్యాబు నడిచేది. క్యూబు పాసని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

మా ఇళ్ళలో కొత్త స్లాబుకు నీళ్ళు పట్టేది ఆడవాళ్ళే. వదిన రెండు పూటలా పట్టింది. కరెంటు లేకపోతే బిందెలతో మెట్లెక్కింది. అయినా ఆ ఎండాకాలంలోనే స్లాబు కుంగి బీటలు వారింది.

బంధువుల ముందు బావ నన్ను చూపిస్తూ నా సంతకమున్న రిపోర్టు ఊపాడు.

"క్యూబు పాసు. తంబే సై పెట్టినాడు. అప్పుడు తప్పు ఎవురిది? సీరియలు చూసి కార్చిన కన్నీళ్ళు స్లాబు మింద కార్చింటే నిలిచుండును."

అందరూ నవ్వారు. వదిన నా వైపు తిరిగింది.

"తంబీ, నువ్వు వచ్చినప్పుడు నేను పోస్తా ఉంటిని గదా? చెప్పు."

నేను కాఫీ టంబ్లరులోకి చూస్తూ కూర్చున్నాను.

ఈ ఏడు అన్న ఇంటిపైన మేడ మొదలుపెట్టాడు. "ఆమె పోస్తే ఇదీ కుంగును" అని నీళ్ళు పట్టడానికి కూలిమనిషిని కుదిర్చాడు. కాంట్రాక్టు మాత్రం మళ్ళీ బావకే. అది విని ఒళ్ళు మండిపోయింది. దుమ్ము కలిపినవాడికి ఇల్లు అప్పగిస్తారు, బిందెలు మోసినామెను మేడ ఎక్కనివ్వరు. దానికి ఆధారం నా సంతకం.

గోదాము స్లాబులోంచి ఒక ముక్క కోయించి, మిషన్లో పెట్టాను. చాలా తక్కువ బరువుకే నలిగిపోయింది. పాత క్యూబు పెళ్ళ ల్యాబు తలుపుకు అడ్డంగా ఇంకా పడి ఉంది. మేడ పూజ రోజున రెండూ తీసుకెళ్ళి అందరి ముందూ పెట్టాను. క్యూబులో గోధుమరంగు ఇసుక రేణువులు, గోదాము ముక్కలో బూడిదరంగు పొడి.

"ఎల్లారూ చేసేదే గదా మాప్ళా, ఇప్పుడు ఏంటికి ఈ ఉత్తముడి వేషం?" అన్నాడు బావ.

నేను అతన్ని దాటుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన దగ్గరికి వెళ్ళాను.

"వదినా, నువ్వు నీళ్ళు పోసినావు. నేను చూసినాను. ఆ క్యూబు వేరేదని కూడా నాకు తెలుసు. అంత మంది నవ్వతా ఉంటే నోరు మూసుకుని కూసుంటిని. తప్పు నాది. నన్ను మన్నించు."