చదివినవారు, పోల్చినవారు

సోమవారం భోజనాల వేళకి ఆమె పదకొండు పుట్టుకలు, నాలుగు చావులు పైకి చదివింది. ఎదురుగా కుర్చీలో ఎవరూ లేరు.

జనన మరణాల రికార్డు ఆఫీసులో నకళ్ల విభాగం ఆమెది. మెట్ల కింద గది, ఒక కిటికీ, ఒక బల్ల, బల్లకి అటొకటి ఇటొకటి కుర్చీలు. ఎవరైనా తమ పుట్టుకదో, తండ్రి చావుదో ధ్రువీకరించిన నకలు కావాలని దరఖాస్తు పెడితే, అసలు రిజిస్టరూ టైపు చేసిన కాగితమూ ఈ బల్ల మీదికి వస్తాయి. ఒకరు రిజిస్టరు చూసి పైకి చదవాలి. ఇంకొకరు కాగితం మీద వేలు పెట్టి వింటూ పోల్చాలి. అక్షరాలతో సరిపోదు, కామాలూ ఫుల్‌స్టాపులూ కొట్టివేతలూ కూడా చదవాలి. "వృత్తి వడ్రంగం, ఫుల్‌స్టాప్, పక్కన సిరా మరక." పోల్చేవారు "సరే" అంటేనే చదివేవారు కింది వరుసకి దిగుతారు. కాగితం అడుగున రెండు గళ్లుంటాయి: చదివినవారు, పోల్చినవారు. ఒక్కో గడిలో పేరు స్టాంపు, దాని మీద పొట్టి సంతకం. ఆ తర్వాతే ఆఫీసరుగారి సీలు.

ఆమె పోల్చే మనిషి. ఇరవై రెండేళ్లుగా "సరే" అంటూనే ఉంది. అసలు పేరు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా పలకదు, ఆఫీసులో అందరికీ సరేనమ్మే. అన్నేళ్లూ ఎదుటి కుర్చీలో కూర్చున్నాయన రీడరుగారు.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నవన్నీ ఊళ్లోవాళ్ల చావుపుట్టుకలే. పొద్దున్నే ఆయన గుక్కెడు నీళ్లు తాగి గొంతు సవరించుకునేవారు, ఆమె కళ్లజోడు తుడుచుకునేది, పని మొదలు. భోజనానికి ఆయన వరండాలోకి, ఆమె కిటికీ దగ్గరికి. "ఇన్నిసార్లు సరే అన్న ఇల్లాలు ఏ ఇంట్లోనూ ఉండదయ్యా" అని పక్క గది లెక్కల గుమస్తా ఎగతాళి చేసేవాడు. ఆయన నవ్వేవారు కాదు. ఆమె కూడా నవ్వేది కాదు. ఆయనకి పిల్లలున్నారో లేరో ఆమెకి తెలియదు. జలుబు చేస్తే ఆ గొంతు ఎలా బొంగురుపోతుందో, చెడిపోయిన అక్షరం దగ్గర ఎంతసేపు తటపటాయిస్తుందో మాత్రం తెలుసు.

రెండు నెలల కిందట ఒక సెలవు రోజున రీడరుగారు గుండె ఆగి పోయారు. మర్నాడు ఆఫీసంతా వ్యాను కట్టించుకుని వెళ్లింది. కౌంటరు మూయకూడదు కాబట్టి ఆమె ఆగిపోయింది.

ఆయన స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. అప్పట్నించి ఆమే చదువుతుంది, ఆమే వేలు పెట్టి పోలుస్తుంది, ఆమే సరే అంటుంది. చదివినవారి గడిలో లెక్కల గుమస్తా చేత్తో పేరు రాసి సంతకం పెడతాడు. చదివి కాదు. "మీరు చూశారుగా, చాల్లెండి" అని కట్టంతా గబగబా తిప్పేస్తూ గిలికేస్తాడు. "ఒక్క మనిషి, రెండు వేషాలు. టిక్కెట్టు పెడితే బాగా ఆడుద్ది" అని వరండాలో అంటాడు. ఆమెకి వినబడుతుంది.

ఇంటికెళితే మేడ మీద ఒక గదీ వంటిల్లూ. తల్లి పోయి మూడేళ్లయింది. ఆదివారం చెల్లెలు ఫోన్ చేస్తుంది.

"అక్కా, ఇందాకట్నించి నేనే వాగుతున్నాను. నువ్వు సరే తప్ప ఇంకో ముక్క అనవేం?"

"వింటున్నాగా."

"వినడానికైతే గోడ కూడా వింటుంది."

"సరే" అంది.

ఆ సోమవారం భోజనాలయ్యాక గుమ్మంలో ఒకావిడ నిలబడింది. యాభై దాటి ఉంటుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"సరేనమ్మగారంటే మీరేనా అండీ? నేను రీడరుగారి భార్యని."

ఆమె లేచి నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూడడం అదే మొదలు. వచ్చినావిడ కవర్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. వారం కిందట ఈ బల్ల మీదినించే వెళ్లిన మరణ నకలు. రీడరుగారిది.

"పింఛను ఆఫీసులో తిప్పికొట్టారండీ. అక్కడి గుమస్తా నలుగురి ముందూ నవ్వాడు. చచ్చిపోయినాయన లేచొచ్చి తన చావు తనే చదువుకున్నాడా అన్నాడు."

సరేనమ్మ కాగితం అడుగు చూసింది. చదివినవారి గడిలో రీడరుగారి పేరు స్టాంపు ఉంది. దాని మీద లెక్కల గుమస్తా గిలుకుడు. పైన ఆఫీసరుగారి సీలు.

వారం కిందట ఆ కాగితాన్ని ఆమె మిగతావాటిలా చూడలేదు. రెండుసార్లు చదివింది, రెండుసార్లు పోల్చింది. ఒక్క కామా పొల్లుపోలేదు. అయ్యాక చెయ్యి ఇన్నేళ్లూ చేసిన పనే చేసింది. స్టాండుకి వేలాడే మొదటి స్టాంపు మొదటి గడిలో, రెండోది రెండో గడిలో. ఆ మొదటి స్టాంపుని తిరిగి అప్పజెప్పమని ఎవరూ అడగలేదు. ఆమె కూడా తియ్యలేదు. గుమస్తా చూడకుండా సంతకం పెట్టాడు, ఆఫీసరుగారు చూడకుండా సీలేశారు.

"శుక్రవారంలోగా సరైనది ఇవ్వకపోతే ఫైలు పై ఆఫీసుకి పోతుందంటండీ. పోతే ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదంట. నాకింక ఆ పింఛనొక్కటే."

"తప్పు నాదేనండీ. కూర్చోండి."

తన కుర్చీ కాక గదిలో ఉన్నది ఆ ఎదుటి కుర్చీ ఒక్కటే. ఆవిడ కూర్చుంది. రెండు నెలల్లో అందులో మనిషిని చూడడం ఆమెకి అదే మొదటిసారి.

"ఆయన కూర్చునేది ఇదేనా?"

"అదే."

"కాలు ఊగుతోందేంటండీ?"

"కింద అట్టముక్క పెట్టుకునేవారు. ఊడ్చేవాళ్లు తీసేశారు."

ఆవిడ బల్ల అంచు మీద చెయ్యి వేసింది. "ఇంట్లో పేపరు కూడా ఇలాగే చదివేవారండీ. కామా, ఫుల్‌స్టాపుతో సహా. వంటింట్లోంచి నేను ఊఁ అనకపోతే ముందుకి కదిలేవారు కాదు. ఆఫీసులో ఒకావిడ వరుసకోసారి సరే అంటుంది, ఊఁ అనడానికి నీకేం నోరు నొప్పా అనేవారు."

సరేనమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆయన తన గురించి ఎక్కడైనా ఒక మాట అని ఉంటారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కాగితం పట్టుకుని మేడ మీద ఆఫీసరుగారి గదికి వెళ్లింది.

ఆఫీసరుగారు అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికింత హడావుడి దేనికమ్మా? స్టాంపు కొట్టేసి పక్కన సంతకం పెట్టిచ్చేద్దాం."

"కొట్టివేత ఉంటే మళ్లీ తిప్పి పంపుతారండీ. ఆవిడ మళ్లీ తిరగాలి."

"కొత్తదివ్వాలంటే పాతది రద్దు చెయ్యాలి. ఎందుకు రద్దయిందో నువ్వు రాసివ్వాలి. నీ సర్వీసు ఫైల్లో ఉండిపోతుంది మరి."

"రాసిస్తానండీ."

"పని ఒత్తిడి వల్ల అని రాయి. ఎవరూ అడగరు."

ఆమె "అలవాటు వల్ల" అని రాసింది. ఆయన చదివి, ఆమె మొహం చూసి, ఫైల్లో పెట్టారు.

కొత్త కాగితం టైపయి వచ్చింది. చదివేవాళ్లు కావాలి. లెక్కల గుమస్తా రెండు చేతులూ జోడించాడు. "నన్నొదిలెయ్ తల్లీ. దెయ్యానికి బదులు సంతకం పెట్టావంట కదా అని ఇప్పటికే మేడంతా నవ్వుతోంది."

"నేను చదవనా?" అంది రీడరుగారి భార్య.

"ఇంటివాళ్లు చదవకూడదండీ."

చివరికి ఆఫీసరుగారే మెట్లు దిగొచ్చారు. ఆవిడ లేచి కిటికీ దగ్గర నిలబడింది. ఆయన కుర్చీలో కూర్చుని, అది ఊగగానే బల్ల పట్టుకుని, రిజిస్టరు దగ్గరికి లాక్కుని పేరూ వయసూ వృత్తీ ఒక్క గుక్కలో చదివేశారు. అవతల్నించి ఏమీ వినబడలేదు. తలెత్తారు.

"ఏమ్మా?"

"పేరు తర్వాత కామా ఉందండీ."

ఆయన గొంతు సవరించుకుని మొదటికొచ్చారు. పేరు, కామా. సరే. వయసు యాభై ఏడు, ఫుల్‌స్టాప్. సరే. వృత్తి నకళ్ల రీడరు, ఫుల్‌స్టాప్. సరే. భార్య పేరు. సరే. ఆ పేరు వారం కిందట ఇదే వరుసలో చదివేదాకా ఆమెకి తెలియదు. చిరునామా. సరే. మరణించిన తేదీ. ఆమె వేలు ఆ వరుస మీద ఆగిపోయింది. ఆఫీసరుగారు ఎదురుచూశారు. కిటికీ దగ్గర్నించి "ఊఁ" అని వినబడింది.

"సరే" అంది ఆమె.

ఈసారి మొదటి గడిలో ఆఫీసరుగారు తన పేరు చేత్తో రాశారు. రెండో గడిలో ఆమె స్టాంపు. చనిపోయినవారి స్టాంపు అక్షరాలు చెక్కేసి స్టోరుకి అప్పజెప్పాలని నియమం. ఆమె బ్లేడు తెచ్చుకుని రబ్బరు మీది పేరు చెక్కేసింది. పొడి రాలితే తడిగుడ్డతో తుడిచి, మిగిలిన చెక్కపిడిని కవర్లో వేసి అంటించింది.

రీడరుగారి భార్య కాగితం కవర్లో పెట్టుకుంది. "ఎప్పుడైనా ఇంటికి రండి."

"సరేనండీ."

చిరునామా అడగలేదు, ఆవిడా చెప్పలేదు. నకల్లో అది అయిదో వరుసలో ఉంది.

పింఛను ఆఫీసు ఆ నకలు తీసుకుంది. రీడరుని వేసేదాకా లెక్కల గుమస్తా స్వయంగా కూర్చుని చదవాలని ఆఫీసరుగారు ఉత్తర్వు రాశారు. మంగళవారం పొద్దున్న ఆమె కుర్చీ కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి ఉంచింది. గుమస్తా వచ్చి కూర్చున్నాడు, ఒకటి చదివాడు, టీ తాగొస్తానని వెళ్లాడు. సాయంత్రం ఆమే కట్ట తీసుకుని అతని గదికి వెళ్లింది. ఈసారి అతను ప్రతి కాగితం అడుగూ వంగి చూసి మరీ సంతకం పెట్టాడు.

ఆ రోజు వచ్చిన దరఖాస్తులు తొమ్మిది. ఎనిమిది ఆమే చదివింది, ఆమే సరే అంది.