మొదటి పేజీ కొలతలు

మా మావయ్యని వీధిలో అందరూ అరంగుళం అంటారు. ఎదురుగా అనరు గానీ, ఆయనకి తెలుసు. ఎవరి ఒంటి మీద ఏ కోటు చూసినా "అరంగుళం తగ్గించాలి" అనో, "అరంగుళం వదలాలి" అనో అనకుండా ఆయన నోరు ఊరుకోదు. ఓసారి బస్సులో ముందు నిలబడ్డవాడి వీపు చూసి అలాగే అన్నాడు. వాడు కొట్టడానికి వచ్చాడు. చివరికి వాడికే కోటు కుట్టి పంపించాడు మా మావయ్య.

నేను ఆయన అక్క కూతుర్ని. చదువు అబ్బడం లేదని మా అమ్మ నన్ను పందొమ్మిదో ఏట ఆయన కొట్లో దింపి, "కనీసం కాజాలు కుట్టడమైనా నేర్పరా తమ్ముడూ" అనేసి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళయింది. కాజాలు నేర్చుకున్నాను, కాలరు నేర్చుకున్నాను, కత్తెర పట్టడం నేర్చుకున్నాను. ఆయనతో పోట్లాడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. నాకు ముక్కు మీద కోపం, ఆయన మొండిఘటం. అత్తయ్య ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ సర్దిచెప్పేది. ఆవిడ పోయి ఆరేళ్ళు. ఇప్పుడు మేమే కాసేపు అలిగి, టీ చల్లారిపోతుంటే మళ్ళీ మాట్లాడుకుంటాం.

కొట్టు అంటే ఒక పొడుగాటి గది. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, మూడు పలకల నిలువుటద్దం, కిటికీ పక్కన గుడ్డ కోసే పెద్ద బల్ల. ఈ మధ్య కోటు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. విదేశం వెళ్తూ, మావయ్య చేత పెట్టె సర్దించుకోవడానికి వచ్చేవాళ్ళు మాత్రం పెరిగారు. ఒక చేత్తో ఖాళీ పెట్టె, ఇంకో చేత్తో బట్టల మూట పట్టుకుని మొహమాటపడుతూ గుమ్మంలో నిలబడతారు. మావయ్య ఆ మూటంతా బల్ల మీద గుమ్మరించి, ముందు సగం వెనక్కి ఇచ్చేస్తాడు.

"ఎన్నాళ్ళు?"

"ఎనిమిది రోజులండీ."

"ఎనిమిది రోజులకి పదకొండు చొక్కాలేంటి బాబూ? అక్కడ అమ్ముతావా?"

ఒక కోటు, రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు. అదీ ఆయన లెక్క. చీకట్లో చెయ్యి పెట్టి ఏ చొక్కా తీసినా ఏ ప్యాంటు మీదకైనా నప్పాలి. బరువైన బూట్లు కాళ్ళకి ఉండాలి, తేలికవి పెట్టెలో ఉండాలి. మేజోళ్ళు ఆ బూట్ల కడుపులో కూరాలి. బెల్టు చుట్టి చొక్కా కాలరులో పెడితే కాలరు నలగదు. కోటుని తిరగేసి, ఒక భుజాన్ని రెండో భుజంలోకి దూర్చి మడిస్తే ముడత పడదు. అప్పటికీ పడితే, స్నానాలగదిలో కొక్కేనికి తగిలించి వేడినీళ్ళు వదిలితే ఆ ఆవిరికి అదే దిగుతుంది. కోటు జేబుల్లో తాళాలూ ఫోనూ కుక్కితే మటుకు ఊరుకోడు. "దారిలో సంత చేసుకుని వస్తున్నావా?" అంటాడు. అన్నిటికన్నా గట్టిగా చెప్పేది మాత్రం ఒకటుంది. వేసుకోనిది పెట్టెలో పెట్టకూడదు.

ఇంత చెప్పే మనిషి విమానం లోపల ఎలా ఉంటుందో చూసినవాడు కాదు. ఆ మాటకొస్తే సొంతానికి ఒక్క కోటు కుట్టుకున్నవాడూ కాదు. కొట్టు తెరిచిన ఈ ముప్పై ఏళ్ళూ పొట్టిచేతుల చొక్కా, మెడలో టేపు, అంతే.

అలాంటి ఆయనకి విదేశం నుంచి పిలుపొచ్చింది. మా దగ్గర కోటు కుట్టించుకుని వెళ్ళి అక్కడే స్థిరపడ్డ పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఆయన కోటు చూసి అక్కడి పెద్ద బట్టల షాపు యజమాని ముచ్చటపడ్డాడట. చేత్తో కోసి కుట్టే మనిషి కావాలనీ, మూడు రోజులు వచ్చి వెళ్ళమనీ కబురు పంపాడు. ఒకటే షరతు: 'మీరు స్వయంగా కోసిన కోటు వేసుకుని రండి. అది చూశాక మాట్లాడుకుందాం.'

ఆ కబురు మాకు ఎంత అవసరమో నాకు తెలుసు. అప్పటికి నాలుగు నెలలుగా కోటు పని లేదు. మిషన్లు అడిగినవాడికి ఇచ్చేస్తానని మావయ్య మాటిచ్చేశాడు కూడా. ఈ పని కుదిరితే కొట్టు ఉంటుంది, లేకపోతే నెలాఖరుకి తాళం. బయటికి ఇద్దరం ఆ మాట అనుకోలేదు గానీ, ఆయనకి అన్నం సరిగ్గా దిగడం లేదని నేను చూస్తూనే ఉన్నాను.

ముదురు నీలం గుడ్డ తెచ్చాడు. తన లెక్క ప్రకారం ఒక కోటుకీ రెండు ప్యాంట్లకీ సరిపడా. నన్ను దగ్గరికి రానివ్వలేదు. "నా కోటు నేను కుట్టుకోలేనా?" అని ఒంటికాలి మీద లేచాడు. సరేలే అని ముఖం మాడ్చుకుని నా కాజాలు నేను కుట్టుకున్నాను.

ప్రయాణం నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం దారపుండలు కొనుక్కుని వచ్చేసరికి ఆయన అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ఒంటి మీద కోటు. ఇంకా ట్రయల్‌ కోసం వేసిన పొడుగాటి తెల్లకుట్లతోనే ఉంది. ముందు రెండు అంచులూ ఒకదాన్ని ఒకటి అందుకోవడానికి బెత్తెడు దూరం. వీపు మీద గుడ్డ బిగుసుకుపోయింది. కుడి భుజం దగ్గర ఒక ముడత మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా దిగింది.

నాకు నవ్వు రాబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"ఏ కొలతలతో కోశావు మావయ్యా?"

ఆయన బల్ల వైపు చూశాడు. బల్ల మీద కొలతల పుస్తకం మొదటి పేజీ తెరిచి ఉంది. ఆ పుస్తకం నేను వెయ్యిసార్లు తిరగేసి ఉంటాను, మొదటి పేజీ మాత్రం ఎప్పుడూ చూడలేదు. అత్తయ్య గుండ్రటి రాత. ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై రెండు. కొట్టు తెరిచిన రోజు సరదాగా 'మొదటి గిరాకీ నువ్వే' అని ఆవిడ టేపు పట్టి కొలిచి రాసిందట.

"ముప్పై ఏళ్ళ కిందటి కొలతలా!" అని అరిచాను. "ఎవరైనా ఈ పని చేసి వస్తే నువ్వు ఊరుకుంటావా? నన్ను పిలిస్తే నీ సొమ్మేం పోయింది?"

"నామీద టేపు పెట్టింది మీ అత్తయ్య ఒక్కతేనే" అన్నాడు. "ఇంకోళ్ళు పెడితే ఆ పేజీ కొట్టేయాలి కదా."

నా కోపమంతా ఎక్కడికి పోయిందో. మావయ్య మీద నాకున్న ప్రేమ ఎంతో నాకే ఆ క్షణంలో తెలిసింది. దాన్ని పైకి చెప్పడం రాక, కసిరాను.

"కొట్టేయక్కర్లేదు. కొత్త పేజీలో రాస్తాను. నిటారుగా నిలబడు."

నిలబడ్డాడు. నడుము చుట్టూ టేపు వేయగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. రోజూ గిరాకీలు చేసేది అదే, ఆయన ఎగతాళి చేసేదీ దాన్నే.

"ఊపిరి వదులు మావయ్యా. కోటుకి అబద్ధం చెప్తే రోడ్డు మీద బొత్తాం తెగుతుంది." అది ఆయన మాటే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఊపిరి వదిలాడు. ముప్పై తొమ్మిది.

ముప్పై ఏళ్ళు ఆ బరువు కత్తెర పట్టీ పట్టీ కుడి భుజం కిందికి దిగిపోయింది. ఎంత అని రెండుసార్లు కొలిచాను. సరిగ్గా అరంగుళం. చెప్తే నమ్మడని టేపు చూపించాను. ఆయన అద్దం దగ్గరికి వంగి ఆ భుజం తడుముకున్నాడు. "ఊళ్ళో వాళ్ళ భుజాలన్నీ చూశాను, ఇది చూసుకోలేదేమే" అన్నాడు.

కొలతలు రాసిన పుస్తకం కోసం చెయ్యి చాపాడు. నేను ఇవ్వలేదు. మా కొట్లో మొదటి నుంచీ ఒక పద్ధతుంది: కొలిచిన చెయ్యే కోయాలి. మనిషి ఎలా నిలబడతాడు, ఏ కాలి మీద బరువు వేస్తాడు అన్నది అంకెల్లో ఉండదు, కొలిచిన చేతికే తెలుస్తుంది. ఆ పద్ధతి నాకు నేర్పింది ఆయనే.

"వాళ్ళు నా చేత్తో కోసింది వేసుకు రమ్మన్నారే."

"నీ చేత్తో కోసింది అదిగో, తొడుక్కుని వెళ్ళు."

ప్యాంట్ల కోసం ఉంచిన గుడ్డ పరిచి, సుద్దతో గీసి, నేను కోశాను. కుడి భుజం లోపల ఒక పొర ఎక్కువ వేశాను. ఇద్దరం చెరో మిషను మీద కూర్చుని మూడు రోజుల్లో పూర్తిచేశాం. గుడ్డ అయిపోవడంతో పాత బూడిదరంగు ప్యాంటుతోనే సరిపెట్టుకున్నాడు. నీలం కోటు కింద అది ఎంత బాగా నప్పిందంటే, ముందే అలా అనుకున్నట్టు పోజు కొట్టాడు.

పెట్టె మాత్రం తానే సర్దుకుంటానని నన్ను అవతలికి పొమ్మన్నాడు. "పదకొండు చొక్కాలు పెట్టుకోకు" అని ఒక మాట అంటించి తప్పుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఏమే, నిజం చెప్పేశాను."

"ఏం నిజం?"

"కోటు విప్పమన్నాడు. తిరగేసి చంక కింద కుట్లన్నీ చూశాడు. కుడి భుజం ఎందుకు మందంగా ఉందని అడిగాడు. నా భుజం అరంగుళం దిగిందయ్యా, ఆ సంగతి నాకే తెలీదు, కనిపెట్టి కొలిచింది మా మేనకోడలు, కోసిందీ అదే అన్నాను."

"మతి పోయిందా నీకు? వాళ్ళు షరతు పెట్టింది..."

"ముప్పై ఏళ్ళుగా అందరికీ చెప్తున్న మాట. నా కోటు దగ్గరే అబద్ధం ఆడమంటావా?"

రెండు మిషన్ల వంకా చూస్తూ కూర్చున్నాను. "అయితే ఏమన్నాడు?" అన్నాను చివరికి.

"ఏమీ అనలేదు. లేచి వెళ్ళిపోయాడు."

నేను లేచి మిషన్ల మీద గుడ్డలు కప్పబోయాను.

"టీ తేవడానికి" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ. "ఏడాదికి రెండుసార్లు ఇక్కడికొచ్చి కొలతలు తీసుకెళ్ళాలట. మొదటి విడత ఇరవై మందికి. కొలిచేదీ కోసేదీ ఆ అమ్మాయే అయితేనే అన్నాడు. నేను కాజాలు కుట్టుకోవాలిట. మిషన్లు అడిగినవాడికి రేపే చెప్పెయ్, అమ్మడం లేదని."

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. సంతోషంగా ఉన్నప్పుడు కూడా నాకు ముందు వచ్చేది అదే.

ఆయన తిరిగొచ్చిన రోజు, మాసిన చొక్కాలు తీద్దామని పెట్టె తెరిచాను. అన్నీ ఆయన లెక్క ప్రకారమే ఉన్నాయి. బూట్లలో మేజోళ్ళు, కాలరులో బెల్టు. అన్నిటి అడుగున, తిరగేసి, ఒక భుజంలోకి రెండో భుజం దూర్చి పద్ధతిగా మడిచిన ఇంకో నీలం కోటు. తెల్లకుట్లు కూడా విప్పలేదు.

"ఇదెందుకు మోసుకెళ్ళావు? వేసుకోనిది పెట్టెలో..." అని గట్టిగా మొదలుపెట్టాను.

మావయ్య అద్దం తుడుస్తున్నాడు. ఇటు తిరగలేదు.

"మీ అత్తయ్య కొలతలు కదే. తనని ఒక్కదాన్నీ ఇక్కడ వదిలేసి వెళ్ళబుద్ధి కాలేదు."

నేను ఆ కోటు మడతలు విప్పి, సన్నటి సెగ మీద ఇస్త్రీ చేసి, గుడ్డ సంచి తొడిగి తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. వచ్చేసారి ప్రయాణం ఇద్దరిదీ. ఇంకాస్త పెద్ద పెట్టె కొనాలి.