మొలవని బియ్యం

1877 ఎండాకాలం చివరలో నన్ను మదురైకి దక్షిణాన, నల్లరేగడి సీమలో ఉన్న ఒక కంజి తొట్టికి పర్యవేక్షకుడిగా వేశారు. కరువులో ఉచితంగా గంజి పోసే పందిరిని అక్కడ కంజి తొట్టి అంటారు. అప్పటికి నేను క్రైస్తవ మిషనులో ఉపదేశిని. ఉపదేశి పాదిరి కాడు. బాప్తిస్మం ఇచ్చే అధికారం అతనికి లేదు. ఊరూరా తిరిగి వాక్యం చెబుతాడు, బడి చూసుకుంటాడు, మిషను నడిపే తెల్ల దొరగారు ఏ పని అప్పగిస్తే అది చేస్తాడు. మా నాన్న తిరుచినాపల్లి పటాలంలో సిపాయి, ఇంట్లో మాది తెలుగు. తొట్టి చుట్టూ ఉన్నవి తరతరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు రైతుల ఊళ్లు. అందుకే దొరగారు నన్ను ఎంచుకున్నారు.

తొట్టి నియమాలు కఠినమైనవి. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లను సర్కారు రోడ్డు పనికి పంపాలి. ముసలివాళ్లకు, రోగులకు, పిల్లలకు మాత్రమే గంజి. వండిందే పెట్టాలి, అదీ మా కళ్ల ముందే తినాలి. పచ్చి గింజ ఒక్కటి కూడా పందిరి దాటకూడదు. ఇంటికి ఇస్తే బలవంతులు లాక్కుంటారని, కొందరు అమ్ముకుంటారని ఆ నియమం పెట్టారు. అది తెలివితక్కువ నియమమని నేను ఇప్పటికీ అనను. బాగా ఎండిపోయిన పిల్లలకు మొదట ఉప్పు వేసిన పల్చటి గంజి కొంచెం కొంచెంగా పోయాలి. ఒక్కసారిగా కడుపు నింపితే ప్రాణం పోతుంది. ఈ సంగతి మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. పిల్లలు పోతుంటే తెలిసింది.

వెంగటమ్మ తన కూతురు రామక్కను చంకనెత్తుకుని వచ్చింది. ఆ పిల్లది నడిచే వయసే, కాళ్లు నిలవక మోసుకొచ్చింది. భర్త వాంతిబేదితో పోయాడు. ఎద్దులు మేత లేక చచ్చాయి. మిగిలింది కొంచెం మెట్ట చేను. ఆమె పందిరి బయటే నిలబడి పిల్లను లోపలికి పంపింది. మా వంటవాడు క్రైస్తవుడు. ఆమె కులంవాళ్లు అతని చేతి నీళ్లు తాగరు.

"నువ్వూ కాస్త తాగు తల్లీ" అన్నాను.

"బిడ్డకి కులమేముండాది అయ్యా, అది తాగనీ. నాకి వొద్దు. పచ్చి కంబు ఇస్తే కాచుకొని తాగుతా" అంది. కంబు అంటే సజ్జలు.

నియమం చెప్పాను. ఆమె వాదించలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే పిల్లను మా దగ్గర వదిలి, రోడ్డు పనిలో కంకర కొట్టి, సాయంత్రం వచ్చి తీసుకుపోయేది. రామక్క నెమ్మదిగా తేరుకుంది. పందిరి గుంజలు పట్టుకుని నడిచేది. నా భార్య శారమ్మ ఆ పిల్లకు తల దువ్వి జడ వేసేది.

గంజి పోసే ముందు దొరగారు చిన్న ప్రసంగం చేసేవారు. కష్టం కొలిమి లాంటిదని, దేవుడు అందులో మనిషిని కాల్చి శుద్ధి చేసి పెంచుతాడని ఆయన నమ్మకం. ఆయన తమిళంలో చెప్పినదాన్ని నేను తెలుగులో మళ్లీ చెప్పేవాణ్ణి. వాళ్లకు తమిళం రాక కాదు, ఇంటి మాటలో వింటే మనసుకు పడుతుందని. ఒకరోజు వెంగటమ్మ బయట నిలబడి అంతా విని, పిల్లను ఎత్తుకుంటూ నన్ను అడిగింది.

"ఎండకి వాడిన పైరు మళ్లా లేస్తే గట్టిగా లేస్తాది అయ్యా, నిజమే. వేరు గూడా కాలిపోతే ఏమి సేసేది?"

ఆ మాట దొరగారికి చేరవేశాను.

వానలకు ముందు రామక్కకు రక్తబేది పట్టుకుంది. గంజి చూస్తే మొహం తిప్పుకునేది. వెంగటమ్మ పని మానుకుని పిల్లను ఇంటికి తీసుకుపోయింది. చూసి రమ్మని శారమ్మను పంపాను. పిల్ల "మన కంబు కూడు" కావాలని ఏడుస్తోందట. వెంగటమ్మ అటక మీదనుంచి విత్తనాల కుండ దించిందట. ఆ సీమలో విత్తనాన్ని బూడిద కలిపి, కుండ మూతికి మట్టి మెత్తి దాస్తారు. కంచు గిన్నెలు పోయినా, తలుపు చెక్కలు పోయినా ఆ కుండ మాత్రం ముట్టరు. కరువంతా ఆమె పస్తులుండి కాపాడిన కుండ అది. శారమ్మ చూస్తుండగానే దాని మూతి పగలగొట్టి, గింజ కడిగి, దంచి, కాచి పిల్లకు పోసిందట.

"రెండు గుక్కలు తాగి నవ్వింది" అని చెబుతూ శారమ్మ ఏడ్చింది. కుండ ఖాళీ అయ్యేదాకా వెంగటమ్మ రోజూ కాచి పోసింది. పిల్ల దక్కలేదు. వాళ్ల వాళ్లే చేని గట్టున పాతిపెట్టారు. మమ్మల్ని రమ్మని ఎవరూ అడగలేదు. మేము మా ఇంట్లో మోకరించి ప్రార్థన చేసుకున్నాం.

తమిళుల పురటాసి నెలలో, అంటే సెప్టెంబరు చివర, వాన పడింది. చేలు నల్లగా తడిసి ఉబ్బాయి. తొట్టికి వచ్చే జనం పలచబడ్డారు. అప్పుడు వెంగటమ్మ వచ్చింది. మొదటిసారిగా పందిరి లోపలికే వచ్చి నిలబడింది. చివరికి గంజికి వచ్చిందేమో అనుకున్నాను.

"అయ్యా, వాన పడిండాది. నిలం పదునుగా ఉండాది. నా బిడ్డ తాగకుండా పోయిన గంజి ఉండాది గదా, దాని పంగు నాకి ఇయ్యండి. వండొద్దు. విత్తుకుంటా." పంగు అంటే వాటా.

నేను నియమం ఎత్తలేదు. ఆమెను కొట్టులోకి తీసుకెళ్లి బస్తా మూతి విప్పాను. రంగూన్ నుంచి ఓడలో తూత్తుకుడికి, అక్కడినుంచి రైల్లో వచ్చిన బియ్యం. ఊరి సజ్జలు ఏనాడో అయిపోయాయి. ఆమె గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచి చాలాసేపు చూసింది. తర్వాత ఒక్క గింజ కింద పడకుండా మళ్లీ బస్తాలో పోసింది.

"అంతా ఇదేనా అయ్యా?"

"ఇదే తల్లీ."

"పావం, మీ తావునా విత్తనం లేదు" అని, చేతులు దులుపుకుని వెళ్లిపోయింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు. మా మీద జాలిపడింది.

ఆ రోజే బండి కట్టించుకుని దొరగారి బంగళాకు వెళ్లి సంగతి విన్నవించాను. దాతలు తిండి కోసం ఇచ్చారనీ, ఆకలిగొన్నవాడికి విత్తనం ఇస్తే తినేస్తాడనీ ఆయన మొదట అన్నారు. నేను కుండ సంగతి చెప్పాను. ఆయన చేతిలోని కలం కింద పెట్టి తల వంచుకున్నారు. కమిటీ అనుమతి లేకుండా మిషను సొమ్ము వేరే పనికి వాడకూడదు. ఆయన అనుమతి కోసం ఆగలేదు. మర్నాడే గుర్రమెక్కి విరుదుపట్టి బజారుకు వెళ్లి, గింజల షావుకార్ల చుట్టూ తిరిగి, బతిమాలి విత్తనపు సజ్జలు సంపాదించారు. దొరికింది కొంచెమే.

బండి వచ్చిన వెంటనే మొదట వెంగటమ్మ ఇంటికి వెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరు. పొరుగింటి ముసలమ్మ అరుగు మీద కూర్చుని చెప్పింది.

"కంకాణి వొచ్చి కూలాళ్లని కూడగట్టుకొని పోయినాడు అయ్యా. మా వెంగటమ్మ కండిసీమకి పోయింది."

కంకాణి అంటే సిలోనులోని కండి ప్రాంతపు కాఫీ తోటలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ. రేవు దారిలో మనిషిని పంపాను. గుంపు అప్పటికే రేవు దాటిపోయింది. తెచ్చిన విత్తనం మిగతా ఇళ్లకు పంచాం. దొరగారు భయపడినట్టు ఎవరూ తినలేదు. ఆ ఏడు చల్లిన చేలు పండాయి, ఆ ఇళ్లవాళ్లు మళ్లీ తొట్టికి రాలేదు. వెంగటమ్మ చేను బీడుపడింది. తోటల్లో పనిచేసే ఉపదేశులకు ఉత్తరాలు రాసి ఆమె కోసం వాకబు చేశాను. ఆ పేరుగలవాళ్లు చాలామంది ఉన్నారని, అడవి దారిలోనే చనిపోయినవాళ్లూ ఉన్నారని బదులు వచ్చింది. ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఆ తర్వాత నేను పని విరమించే దాకా ఎందరో కొత్త ఉపదేశులకు శిక్షణ ఇచ్చాను. కష్టం మనిషిని పెంచుతుందని దొరగారు చెప్పింది అబద్ధం కాదు. చేతిలో కొంచెమైనా మిగిలినవాళ్ల విషయంలో అది నిజం కావడం చూశాను. ఏమీ మిగలనివాళ్లకు ఆ మాట చెప్పవద్దని నేర్పాను. గంజి ప్రాణం నిలబెడుతుంది, పేదరికాన్ని కదిలించదు. అవి రెండు వేరువేరు పనులు, రెండూ ప్రభువు పనులే. తొట్టికి పొయ్యి తవ్వించే రోజే విత్తనానికి మనిషిని పంపాలి. వాన పడ్డాక పంపితే ఆలస్యం.