బాత్రూము యాడుండాది సార్?

ఎండాకాలంలో సీసాలో పోసుకున్న నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. గొంతులోకి దిగేటప్పుడు ప్లాస్టిక్ వాసన, కొంచెం ఉప్పదనం తగులుతాయి. మా ఫ్యాక్టరీకి రేకుల కప్పు. కింద వరసగా కుట్టుమిషన్లు, వాటి చివర కుట్టిన చొక్కాలు సరిచూసే నా బల్ల, పక్కనే ఇస్త్రీ ఆవిరి. ఆ వేడిలో వేడినీళ్లు ఎవరికీ తాగబుద్ధి కాదు. నేను తాగుతాను. మొదటి గుక్క నోట్లో పడగానే కొంచెం బొంగురుగా, కొంచెం ఎగతాళిగా ఒక గొంతు చెవిలో పలుకుతుంది. "ఏం పాపా, నీళ్లు తాగినావా?"

మా వైపు మనిషి ఎదురైతే బువ్వ తింటివా అని అడుగుతారు. సువార్తక్క ఆ మాట ఎప్పుడూ అడగలేదు. అనంతపురంలో ఒక అద్దె షెడ్డులో, కాలో చెయ్యో చెవో సరిగా లేని మాలాంటివాళ్లకు బట్టలు కుట్టే పని నేర్పి, ఫ్యాక్టరీల్లో చేర్పించే కేంద్రం ఒకటి ఉండేది. ఆమె అక్కడ టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. ఇనుప పట్టీల బూటు వేసుకుని, ఒక చెయ్యి తొడ మీద ఆనించి నడిచేది. మనిషి పొట్టి, నోరు పెద్దది.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. చిన్నతనంలో అమ్మతో కలిసి శనక్కాయ పీకడానికి పోతుంటే కూలీల ఆటో బోల్తా పడింది. అమ్మ గీతలతో బయటపడింది. నా ఎడమ మోకాలు మాత్రం ఆ తర్వాత మడవలేదు. మడవని కాలుతో నడవవచ్చు, నిలబడవచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు. గొంతుక్కూర్చోవడం మాత్రం కుదరదు. బయటివాళ్లకు ఇది చాలా చిన్న సంగతి. నా చిన్నతనమంతా దాని చుట్టూనే తిరిగింది. బడిలో ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆడపిల్లలందరూ గుంపుగా బయటికి పోయేవారు. నేను బెంచీలోనే ఉండి కథల పుస్తకం తెరిచేదాన్ని. గంగకు చదువు పిచ్చి అని సార్లు మెచ్చుకునేవారు. పొద్దున లేచింది మొదలు ఇల్లు చేరేదాకా నోట్లో చుక్క నీళ్లు పోసుకోకుండా, ఆ సంగతి మరిచిపోవడానికే చదివేదాన్నని ఎవరికీ తెలియదు. పుస్తకాల మీద నాకున్న ప్రేమ దాహంలోనే మొదలైంది. ఇంట్లో మా నాయన పాత చెక్క కుర్చీ మధ్యలో కోసి నాకోసం ఒకటి తయారుచేశాడు. దాని గురించి మా ఇంట్లో ఎవరమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కేంద్రంలో చేరిన మొదటి రోజు, భోజనాల దగ్గర సువార్తక్క నా సీసా తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. పొద్దున నింపింది నింపినట్టే ఉంది.

"నీ పేరేం పాపా?"

"గంగాదేవి."

"పేరేమో గంగ. లోపల చూస్తే ఎండిపోయిన చెరువు!"

అందరూ నవ్వారు. నేను తల దించుకుని గిన్నెలో చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి తీసుకుపోయింది. మా కేంద్రంలో మిషన్లు పాతవి, ఫ్యాన్లు తిరిగిన రోజు తక్కువ. ఆ వెనక గది మాత్రం మెట్టు లేకుండా, వెడల్పు తలుపుతో, లోపల కుర్చీలా కూర్చునే మరుగుదొడ్డి, గోడకు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ, చేతికందే కొళాయితో ఉంది.

"ఫస్టు దీన్ని కట్టించి, ఆమైన మిషన్లు తెచ్చినా. దుడ్లిచ్చే పెద్దమనుషులు వచ్చినప్పుడు, సార్, దీని ముందర ఫొటో తీసుకుందాం రాండి అంటా. ఒక్కడూ రాడు" అని నవ్వి, సీసా నా చేతిలో పెట్టింది. "తాగు. తాగి లోపలికి పో. గడియ పెట్టుకో. బయట నేనుంటా."

చాలా ఏళ్లుగా డైరీ రాస్తున్నాను. ఆ రోజు అందులో ఒక్క వాక్యమే రాసుకున్నాను. ఈ రోజు మధ్యాహ్నం నీళ్లు తాగాను.

కుట్టుపని నేర్పడం ఆమెకు పెద్ద పని కాదు. ఇంటర్వ్యూ నేర్పడమే పెద్ద పని. సాయంత్రాలు ఆమె మేనేజరు అయ్యేది. కళ్లజోడు ముక్కు కొసకు జార్చి, బూటు కాలు స్టూలు మీద పెట్టుకుని, ఒక్కొక్కరినీ ఎదురుగా నిలబెట్టి నోటికొచ్చినట్టు అడిగేది. బయట వినబోయే మాటలన్నీ ముందు తన దగ్గరే వినేస్తే తర్వాత నొప్పి తగ్గుతుందని ఆమె నమ్మకం.

"ఏమ్మా, కాలు ఇట్లుంటే మిషను ఎట్ల తొక్కుతావు?"

"కరెంటు మిషనుకు ఒక కాలు చాలు సార్."

"రేపు నువ్వు పడిపోతే జవాబు ఎవరు చెప్పాల?"

"మీ మెట్లు సరిగుంటే పడను సార్."

ఇలాంటి జవాబులు మాకు తొందరగానే వచ్చేశాయి. చివర్లో మేనేజరు "ఇంగేమన్నా అడగాల్నా?" అనేవాడు. అప్పుడు ప్రతి ఒక్కరూ అడిగి తీరాల్సిన ప్రశ్న ఒకటే. జీతం కాదు, సెలవులు కాదు. "బాత్రూము యాడుండాది సార్?"

మా బ్యాచీలో ఓబులేసు అని, ఒక చెయ్యి మోచేతి దాకే ఉన్నవాడు ఉండేవాడు. "నాకెందుకక్కా ఇది? నాకు ఏదో ఒక చెట్టు చాలు" అన్నాడు.

"నీకు చెట్టు చాల్లేప్పా, ఈ ఆడపిల్లలకు చాలదు. అయినా ఫ్యాక్టరీ కట్టేటప్పుడే చెట్లన్నీ కొట్టేసినారు. పోయి కరెంటు స్తంభం ఎతుక్కో."

నా వంతు వచ్చేసరికి మాట గొంతు దాటలేదు. "మేనేజరుకు చెవుడమ్మే, గట్టిగ" అంది. "మొగోళ్ల ముందర ఆ మాట ఎట్ల అడిగేదక్కా, సిగ్గు" అని గొణిగాను. ఆమె నవ్వడం ఆపింది. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"సిగ్గు నీకా, కట్టనోనికా?"

తర్వాత మేనేజరు గొంతు వదిలేసి తన గొంతుతో చెప్పింది. "ముందు బ్యాచీల్లో పోయిన ఆడపిల్లలంతా నెల తిరగక ముందే ఇండ్లకొచ్చేసినారు. ఒకామె తలనొప్పి అనింది, ఒకామె పెండ్లి అనింది. ఒక్కరూ నిజం చెప్పలా. ఫ్యాక్టరీవాళ్లేమో, పాపమని పెట్టుకుంటే ఈళ్లు నిలబడరు మేడమ్ అనిరి. వాళ్లు పోయింది నిలబడలేక కాదు పాపా, కూర్చోలేక."

ఆ ఏడాది చలికాలానికి ఆమె ముఖం ఉబ్బడం మొదలైంది. ఇనుప బూటు పట్టీలు కాలికి సరిపోయేవి కావు. కిడ్నీలు పాడయ్యాయని, డయాలసిస్ చేయించుకోవాలని తెలిసింది. ఆమెకు తోడు ఎవరూ లేరు. నేను కేంద్రం దగ్గరి హాస్టల్లోనే ఉండేదాన్ని కాబట్టి ఆసుపత్రికి తోడు పోయేదాన్ని. ఆమె తన గతం చెప్పింది ఆ బెడ్డు మీద పడుకునే. కుర్రతనంలో ఆమె బెంగళూరు వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. బాత్రూము మేడ మీద ఉండేది, అదీ గొంతుక్కూర్చునేది.

"లేస్తానే నోరు కట్టేసుకుంటాంటి. అదేదో గొప్ప అనుకుంటి పాపా. సువార్త సీటు వదలదు, చూసి నేర్చుకోండి అని మా సూపర్వైజరు అందరికీ నన్నే చూపిస్తాండె. ఒక పండక్కి చీర గూడా పెట్టినారు."

"ఇప్పుడుందా అక్కా ఆ చీర?"

"మిషను తుడిచే గుడ్డ లేదూ, నీలంది? అదే."

ఆ తర్వాతి ఏళ్లన్నీ మంటలు, జ్వరాలు, కిడ్నీలో రాళ్లు, ఆపరేషన్లు. వీటన్నిటికీ నీళ్లు తాగకపోవడం ఒక్కటే కారణమని డాక్టరు చెప్పలేదు. కాలినొప్పికి ఏళ్ల తరబడి మింగిన మాత్రలు కూడా ఉన్నాయన్నాడు. అక్క ఆయనతో వాదించలేదు. బయటికొచ్చాక మాత్రం, "ఆయప్ప చెప్పిందీ నిజమే. అయినా నాకు తెలుసు గదా" అంది.

డయాలసిస్‌లో ఉన్నవాళ్లు నీళ్లు ఇష్టమొచ్చినట్టు తాగకూడదని నాకు అప్పటిదాకా తెలియదు. ఊరందరి చేతా నీళ్లు తాగించిన మనిషికి రోజంతటికీ ఒక చిన్న స్టీలు గ్లాసు మిగిలింది. పెదవులు తడి గుడ్డతో అద్దుకునేది. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఇద్దరం ఆటో కోసం కూర్చున్నాం. ఆమె ముందు తాగలేక నా సీసాను చున్నీ కింద పెట్టుకున్నాను. ఆమె చూడనే చూసింది.

"యాల దాస్తాండావు? తీయి బయటికి."

"దప్పిక లేదక్కా."

"అబద్దాలు చెప్పాకు. నువ్వు తాగు, నేను చూస్తా."

తాగాను. ఆమె నా గొంతు కదలడం చూస్తూ కూర్చుంది. "సల్లగుండాయా?" అని అడిగింది.

"లేదక్కా, కాగిపోయినాయి."

"అయినా బాగుంటాయిలే" అంది.

మా బ్యాచీకి హైవే పక్కన ఒక బట్టల ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. మాతో ఆమె రావాలి. కానీ అది డయాలసిస్ రోజు. మేమే పోయాం. మేనేజరు మర్యాదస్తుడు. ఆటలోని మేనేజరులా ఒక్క కటువు మాట కూడా అనలేదు. కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. పాపం, ఎంత ఓపిక మీకు అని మాటిమాటికీ అన్నాడు. ఆడవాళ్లమందరం టీ కప్పులు చేతుల్లో పట్టుకున్నాం, ఎవరమూ తాగలేదు. చివరికి, "ఇంకేమైనా అడగాలా?" అన్నాడు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఓబులేసు నా వైపు చూశాడు.

"బాత్రూము యాడుండాది సార్?"

గొంతు నేను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. ఆయన పక్కనున్న మేడమ్ వైపు చూశాడు. వెనక బ్లాకులో ఉందమ్మా అంది ఆమె. చూడొచ్చా అని అడిగాను. ఇక కాదనలేక తీసుకుపోయారు. ఎత్తైన మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు. పైన వరసగా అన్నీ గొంతుక్కూర్చునేవే.

"నేను దీంట్లో కూర్చోలేను సార్."

"ఒకరిద్దరి కోసం కట్టించలేం కదమ్మా. కొంచెం అడ్జస్ట్ కావాలి."

వెనక నుంచి ఓబులేసు అన్నాడు, "ఎట్ల అడ్జస్ట్ కావాల్నో ఒకసారి మీరే చూపించండి సార్."

మిగతా అందరికీ పని దొరికింది. మా ఇద్దరికీ తర్వాత చెప్తామన్నారు.

నేరుగా ఆసుపత్రికి పోయాం. ఆమె చేతికి గొట్టాలున్నాయి. పని పోయిందక్కా అని చెప్పి ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "మేనేజరు మొగం ఎట్లుండె?" అని అడిగింది. ఓబులేసు ఆ ముఖం పెట్టి చూపించాడు. ఆమె ఎంత నవ్విందంటే మిషను కూత పెట్టింది, నర్సు వచ్చి ముగ్గురినీ తిట్టింది. నవ్వు ఆగాక, "యాడికి పోయినా అడుగు పాపా. నేను ఒక్కసారి అడిగింటే..." అని ఆపేసి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆ ఏడు వానలు పడాల్సిన నెలలో, వాన లేకుండానే, సువార్తక్క పోయింది. ఊరి చివర క్రైస్తవుల సమాధుల తోటలో, తోట అని పేరేగానీ నీడ లేని రాళ్ల నేలలో, పాస్టరుగారు ప్రార్థన చేశారు. అందరం గుప్పెడు గుప్పెడు మట్టి వేశాం. ఎవరో నీళ్ల ప్యాకెట్లు పంచారు. ఆ చుట్టుపక్కల ఎక్కడా మాకు పనికొచ్చే బాత్రూము లేదు. అందరం మా ఊర్లకు బస్సుల్లో పోవాలి. చేతికర్రలు పట్టుకున్న ఆడపిల్లలం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఎవరు ప్యాకెట్టు కొరికారో గుర్తులేదు. చివరికి అందరం తాగాం.

కేంద్రం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. ఆ షెడ్డులో ఇప్పుడు సిమెంటు బస్తాలున్నాయి. ఆ వెనక గది ఏమైందో చూడటానికి నాకు మనసొప్పలేదు. ఓబులేసు పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పనికి కుదిరాడు. నన్ను కాదన్న ఫ్యాక్టరీలో, మాతో వచ్చిన ఆడపిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఆ తర్వాత బట్టలు కొనే విదేశీ కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారని, కిందనే ఒక కుర్చీ బాత్రూము కట్టించారు. అప్పుడు నాకు ఫోను చేశారు. చేరాను. చేరాక తెలిసింది, దానికి ఎప్పుడూ తాళం ఉంటుందని. అతిథులు వస్తే శుభ్రంగా ఉండాలట. తాళంచెవి గేటు దగ్గర సెక్యూరిటీ అన్న దగ్గర ఉంటుంది.

కాబట్టి రోజూ సీసా ఖాళీ చేసి, మిషన్ల వరస మధ్యగా, లారీలకు పెట్టెలెత్తే మగవాళ్ల ముందునుంచి, నా మడవని కాలుతో గేటు దాకా నడుస్తాను. ఇప్పటికీ మొదటి అడుగుకు చెవులు వేడెక్కుతాయి. వాళ్లు ఇప్పటికీ చూస్తారు.

"తాళం ఇయ్యన్నా."

"మళ్లీనా తల్లీ? ఎన్ని నీళ్లు తాగుతావు నువ్వు?"

"చానా తాగుతానన్నా" అని చెయ్యి చాపుతాను.